సంక్రాంతికి గోంగూర పూల పానీయం

ప్రశ్న: మా పెరట్లోని ఎర్ర గోంగూర ఇప్పుడు కాయలు పట్టింది. జమైకాలో క్రిస్మస్‌కు వీటితో మసాలా పానీయం చేస్తారని విన్నాను. సంక్రాంతికి చేసుకోవచ్చా? మా అత్తగారు రక్తపోటు మాత్రలు వాడుతున్నారు.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి (గజపతి జిల్లా)

జవాబు: తప్పక చేసుకోవచ్చునండీ. ఆకు కోసుకుని కాయలను విత్తనానికి వదిలేసే మన ఇళ్లలో ఈ పానీయం అలవాటు కావాలని నా కోరిక. పానీయానికి పనికివచ్చేది పువ్వు కాదు, పువ్వు రాలాక కాయను అంటిపెట్టుకుని ఉండే ఎర్రని, పుల్లని, కండగల తొడుగు. దీనిని పూజకు కోసే మందారంతో పొరబడకండి.

రెండు కప్పుల పచ్చి తొడుగులను కాయనుంచి విడదీసి, ఇసుక లేకుండా కడగండి. లీటరున్నర నీటిలో దంచిన రెండంగుళాల అల్లం, ఐదారు లవంగాలు, చిన్న దాల్చినచెక్క వేసి పది నిమిషాలు మరిగించి, తొడుగులు వేసి దించి మూతపెట్టండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి రాత్రంతా నాననిస్తే, అల్లం ఘాటు, పులుపు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పులుపు లోహాన్ని తింటుంది కనుక అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వద్దు, స్టీలు లేదా గాజు వాడండి. ఉదయం వడకట్టి, తగినంత బెల్లం కలపండి; రంగు కాస్త ముదిరినా రుచికి లోటుండదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలువ ఉంటుంది.

ఇక మీ అత్తగారి మాట: ఈ తొడుగుల కషాయం రక్తపోటును కొంత తగ్గిస్తుందని పరిశోధనల్లో కనిపించింది గనుక, మాత్రలతో కలిస్తే మరీ పడిపోవచ్చు. వైద్యుణ్ణి అడిగాకే ఇవ్వండి. గర్భిణులకు ఇవ్వకపోవడమే మేలు.