ట్యాంక్ డిస్ట్రాయర్ సైన్యం కట్టాలంటే ముందు జీపులు కొనండి

మీరు అడిగింది ఇదీ: ఫ్లేమ్స్ ఆఫ్ వార్ ఆటకి (రెండో ప్రపంచ యుద్ధాన్ని చిన్న బొమ్మలతో టేబుల్ మీద ఆడేది) 15 ఎంఎం స్కేల్లో 1944 నాటి అమెరికన్ ట్యాంక్ డిస్ట్రాయర్ (శత్రువు ట్యాంకుల్ని కొట్టడానికే చేసిన పలచ కవచం బండి) సైన్యం కడదామనుకుంటున్నారు. మీతో ఆడే ఫ్రెండ్ దగ్గర జర్మన్ పాంథర్ ట్యాంకులు ఉన్నాయి కాబట్టి, ఉన్న డబ్బంతా పెద్ద గన్ ఉన్న ఎం36 డిస్ట్రాయర్ల మీదే పెట్టెయ్యొచ్చా అని.

పెట్టకండి. నేను డాలస్‌లో ఒక క్లబ్బులో చాన్నాళ్లుగా ఇదే సైన్యంతో ఆడుతున్నాను. ఎం36లు కావాలి, కాదనను. కానీ అవి కొనాల్సిన వరసలో చివరివి.

ఎందుకో పాచికల లెక్కలోనే తెలుస్తుంది. నా దగ్గరున్న నాలుగో ఎడిషన్ కార్డుల ప్రకారం పాంథర్ ముందు కవచం 9, పక్క కవచం 5. దెబ్బ తగిలాక ట్యాంక్ ఉన్నవాడు పాచిక వేసి తన కవచానికి కలుపుతాడు. మొత్తం మీ గన్ యాంటీ ట్యాంక్ అంకె కన్నా ఎక్కువైతే గుండు తుళ్లిపోతుంది, తక్కువైతే లోపలికి దిగుతుంది. ఇంకో డిస్ట్రాయర్ ఎం10, దాని గన్ అంకె 12. దగ్గర నుంచి పాంథర్ ముఖం మీద కొడితే, అతనికి 1 గానీ 2 గానీ పడితేనే మీ గుండు దిగుతుంది. దూరం 40 సెంటీమీటర్లు దాటితే కవచానికి ఇంకో 1 కలుస్తుంది, మీ అవకాశం ఇంకా సన్నగిల్లుతుంది. అదే గుండు దగ్గర నుంచి పక్కన కొడితే? 5కి 6 కలిపినా 11. పాచిక ఏం పడినా దిగాల్సిందే.

ఎం36 గన్ అంకె 14. ముఖం మీద కొట్టినా 1 నుంచి 4 వరకూ ఏది పడినా దిగుతుంది. ఆహా అనిపిస్తుంది కదా! కానీ ఎం10 కైనా ఎం36 కైనా ముందు కవచం 4. పాంథర్ గన్ కూడా 14. ఎంత దూరం నుంచి కొట్టించుకున్నా, మీకు 6 పడినా, ఆ కవచం ఆపలేదు. అంటే ఖరీదైన గన్ కొన్నా రేకు డబ్బా మాత్రం అదే. ఈ సైన్యం గెలుపోటములు గన్ సైజుని బట్టి ఉండవు, ముందు ఎవరు ఎవర్ని చూశారన్నదాన్ని బట్టి ఉంటాయి. పులిజూదంలో మేకలు పులిని కట్టేసినట్టు ఆడాలి: ఎదురెళితే చస్తారు, చోట్లు ముందే పట్టుకుంటే దానికి కదలడానికి దారుండదు.

అందుకే జీపులు. జీపులూ ఎం8 సాయుధ కార్లూ ఉండే నిఘా దళానికి స్పియర్‌హెడ్ రూల్ ఉంటుంది. ఆట మొదలవకముందే అవి ముందుకి వెళ్లి, వెనకొచ్చే మీ యూనిట్లు దిగడానికి చోటు పెంచుతాయి. ఒక తోట వెనకో ఊరి చివరి ఇళ్ల పక్కనో ఎం10లు నాలుగు మొదటి టర్న్‌కే పాంథర్ల పక్కకి చూస్తూ నిలబడ్డాయంటే, మీ ఫ్రెండ్ తన ట్యాంకుల్ని ఎటు తిప్పాలో తేల్చుకోలేక తల పట్టుకుంటాడు. మీరు డిఫెండర్‌గా ఆడే మిషన్లలో ఆంబుష్ దొరికితే ఇంకా మంచిది. ఒక ప్లటూన్‌ని (నాలుగు బండ్ల చిన్న దళాన్ని) టేబుల్ మీద పెట్టకుండా ఉంచుకోండి. కనబడని గన్‌కి అతను ఎక్కువ భయపడతాడు.

ఇది ఆటలో పుట్టిన కిటుకు కాదు. నిజం డిస్ట్రాయర్ ప్లటూన్‌లో నాలుగు గన్ బండ్లతో పాటు జీపులూ ఎం20 కార్లూ ఉన్న సెక్యూరిటీ సెక్షన్ ఒకటి ఉండేది. ముందెళ్లి చూసి రావడం దాని పని. ట్యాంక్ డిస్ట్రాయర్ దళానికి శిక్షణ ఇచ్చిన అప్పటి క్యాంప్ హుడ్ మా డాలస్ నుంచి కారులో వెళ్లొచ్చేంత దూరంలో, కిలీన్ ఊరి పక్కనే ఉంటుంది. వాళ్ల నినాదం: వెతుకు, కొట్టు, నాశనం చెయ్యి. వెతకడం మొదట ఉంది, గమనించండి. ఈ దళానికి గట్టి మద్దతుదారు జనరల్ లెస్లీ మెక్‌నేర్. ఆయన 1944 జులైలో నార్మండీలో సొంత పక్షం బాంబుల కిందే పోయాడు పాపం.

అమెరికన్ సైన్యం తన పుస్తకంలో రాసుకున్నదేమో, డిస్ట్రాయర్లన్నిటినీ వెనక గుంపుగా ఉంచి, జర్మన్ ట్యాంకులు చొచ్చుకొస్తే ఒక్కసారిగా మీద పడాలని. బెటాలియన్‌కి 36 గన్‌లు. యూరప్‌లో జరిగిందేమో, వాటిని కంపెనీలుగా ప్లటూన్లుగా విడగొట్టి పదాతి డివిజన్లకి పంచేశారు. బంకర్లు కొట్టడం, వెనక నుంచి ఫిరంగుల్లా కాల్చడం, అన్నీ చేయించారు. మీ లిస్టు కూడా అలాగే కట్టుకోండి: రైఫిల్ కంపెనీ అసలు బలం, దానికి మోర్టార్లు, దాని పక్కన ఒకటో రెండో డిస్ట్రాయర్ ప్లటూన్లు. సైన్యం కట్టుకోడానికిచ్చే 100 పాయింట్లూ డిస్ట్రాయర్లకే పోస్తే, కందకాల్లో కూర్చున్న జర్మన్ పదాతి దళాన్ని ఆబ్జెక్టివ్ (గెలవడానికి పట్టుకోవాల్సిన చోటు) మీద నుంచి లేపడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఎం10 మెషిన్ గన్ టరెట్ వెనక వైపుంటుంది. ముందుకి కాల్చాలంటే మనిషి బండి వెనకెక్కి నిలబడాలి. పదాతి దళంతో కొట్లాడే బండి కాదది.

ఎం18 హెల్‌క్యాట్ గురించి కూడా అడిగారు. నాకు భలే ఇష్టమైన బండి, కానీ మొదటి సైన్యానికి వద్దంటాను. గంటకి 88 కిలోమీటర్ల వేగం, కవచం ఎక్కడ మందంగా ఉన్నా 25 ఎంఎం లోపే. ఇళ్లూ చెట్లూ కిక్కిరిసిన టేబుల్ మీద ఆ వేగం ఎందుకూ పనికిరాదు. ఖాళీ మైదానంలో దాక్కోడానికి చోటుండదు. ఫ్రాన్స్‌లో జరిగిన ఆరాకూర్ యుద్ధాన్ని ఆడదామనుకుంటే మాత్రం అవే కావాలి. 1944 సెప్టెంబర్ 19న రెషికూర్ దగ్గర పొగమంచులో అమెరికన్ 704వ డిస్ట్రాయర్ బెటాలియన్‌కి చెందిన లెఫ్టినెంట్ లైపర్ ప్లటూన్, నాలుగంటే నాలుగు ఎం18లు, జర్మన్ 113వ పంజర్ బ్రిగేడ్ ట్యాంకుల్ని 15 దాకా కొట్టింది. తను మూడు పోగొట్టుకుంది. జర్మన్ల వైపు పాంథర్లకి కొదవలేదు, ముందు చూసి చెప్పే నిఘా దళమే సరిగ్గా లేదు. మీ ఫ్రెండ్‌తో ఇది ఆడండి, చూపు దూరాన్ని టర్న్ టర్న్‌కీ పాచిక వేసి తేల్చుకోండి. మామూలు ఆట కన్నా సరదాగా ఉంటుంది.

రంగుల దగ్గరికొస్తే, ఈ బండ్లకి టరెట్ పైకప్పు లేదు. టేబుల్ మీద అందరూ పై నుంచే చూస్తారు కాబట్టి లోపలి పనితనమే కనబడుతుంది. సిబ్బంది బొమ్మల్ని ముందే అంటించెయ్యకండి, ఒక పుల్లకి గుచ్చి విడిగా రంగేసుకుని చివర్లో దింపండి. లోపల తెలుపు వద్దు. మూత ఉన్న షెర్మన్ ట్యాంకులకి తెలుపు సరే, తెరిచిన వాటికి లోపలా బయటా ఆలివ్ డ్రాబే (మట్టి కలిసినట్టుండే ఆకుపచ్చ). ఎం10 టరెట్ వెనక పెద్ద దిమ్మల్లాంటివి కనబడతాయి చూడండి. గన్ బరువుకి టరెట్ ముందుకి మొగ్గి, వాలు మీద చేత్తో తిప్పడం కష్టమైతే సరితూకానికి బిగించిన బరువులవి. వాటి అంచుల మీద కొంచెం లేత రంగు డ్రై బ్రష్ చేస్తే (దాదాపు ఆరిన బ్రష్‌తో పైపైన రుద్దితే) బండి ఆకారం దూరానికి కూడా తెలుస్తుంది. తెల్ల నక్షత్రాలు మరీ కొట్టొచ్చినట్టు వేయకండి. శత్రువుకి గురి దొరుకుతుందని చాలామంది సిబ్బంది వాటిని మరుగుపరిచేవాళ్లు. హైదరాబాద్‌లో ఉన్నానన్నారు కాబట్టి ఇంకోటి: ముసురు పట్టిన రోజు స్ప్రే ప్రైమర్ జోలికి పోకండి, తెల్లగా పొడి పట్టినట్టు అయిపోతుంది. బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడుకోండి.

బయటి నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి బాగానే వాచిపోతుంది. ఒకటే పార్సెల్‌లో రైఫిల్ కంపెనీ, జీపులు, ఎం8లు, నాలుగు ఎం10లు తెప్పించుకోండి. ఎం10, ఎం36 రెండిట్లో ఏదైనా కట్టుకునేలా టరెట్ ముక్కలు వచ్చే బాక్సు దొరికితే అదే తీసుకోండి. టరెట్ అడుగున 3 ఎంఎం అయస్కాంతం ఒకటి, బండి బాడీలో ఇంకోటి పెడితే అవే నాలుగు బండ్లు ఈ వారం ఎం10లు, వచ్చే వారం ఎం36లు. అంటించే ముందు అయస్కాంతాల ధ్రువాలు మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.