సెర్చ్ చేయడానికి కూడా చదువు కావాలా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. పొగాకు వేస్తాం. అమ్మాయి ఒంగోలులో బీఎస్సీ స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. రోజంతా ఫోన్‌లో ఉద్యోగాలు వెతుకుతుంది, పనికొచ్చేది ఒక్కటీ దొరకదు. ఇప్పుడు సెర్చ్ ఇంజిన్ల మీదే చదువుతానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల కోర్సుకు 40 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? గూగుల్‌లో వెతకడానికి కూడా చదువు కావాలా?

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ 40 వేలు ఇప్పుడే కట్టకండి. మీరు ఫొటో తీసి పంపిన సిలబస్ చూశాను. అది ఎస్‌ఈఓ, అంటే ఏదైనా షాపు వెబ్‌సైట్ గూగుల్‌లో పైన కనిపించేలా చేసే పని. డిజిటల్ మార్కెటింగ్‌లో ఒక భాగం. అందులో తప్పేమీ లేదు, దాని మీద బతుకుతున్న పిల్లలూ ఉన్నారు. కానీ మీ ఉత్తరం కింద అమ్మాయి ఒక మాట రాసింది: "ఉన్నది కూడా ఎందుకు దొరకట్లేదో తెలుసుకోవాలని ఉంది" అని. ఆ ప్రశ్నకు జవాబు ఆ కోర్సులో లేదు. దాని చదువు వేరు. పేరు ఇన్ఫర్మేషన్ రిట్రీవల్, అంటే కాగితాల కుప్పలోంచి కావాల్సింది వెతికి తీయడం. కంప్యూటర్ సైన్స్‌లో ఒక శాఖ.

ఆ చదువు కంటే ముందు, ఈరోజు నుంచే మార్చుకోవాల్సింది ఒకటుంది. ఆమె ఫోన్‌లో కొట్టిన మాటలు చూశాను: "కందుకూరు దగ్గర డిగ్రీ వాళ్లకు జాబ్స్ ఏమున్నాయి". ఇది మనిషిని అడిగినట్టుంది. ఆఫీసు వాళ్లు నోటీసులో "జాబ్స్" అని రాయరు. "రిక్రూట్‌మెంట్" అనో, "కాంట్రాక్ట్ పద్ధతిపై నియామకం" అనో, "అవుట్‌సోర్సింగ్" అనో రాస్తారు. మనకు కావాల్సిన కాగితం ఏ మాటలతో రాసి ఉంటుందో ఊహించి ఆ మాటలు కొట్టాలి. వెతకడంలో సగం పని ఇదే.

మీ ఊరి పేరే తీసుకోండి. 1970 దాకా కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మళ్లీ నెల్లూరులో కలిసింది. నెల్లూరు జిల్లా పేరు ముందు కూడా 2008 నుంచి పొట్టి శ్రీరాములు గారి పేరుంది, ఇంగ్లిష్ కాగితాల్లో దాన్ని పొడి అక్షరాల్లో రాస్తారు. అంటే 2015 నాటి కాగితం కావాలంటే ప్రకాశం అని వెతకాలి, 2023ది కావాలంటే నెల్లూరు అని వెతకాలి. ఇంకో చిక్కు, తెలంగాణలో రంగారెడ్డి జిల్లాలోనూ ఒక కందుకూరు ఉంది. ఆ ఫలితాలు వద్దనుకుంటే రంగారెడ్డి మాటకు ముందు, ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెడితే చాలు. రెండు మూడు మాటలు అదే వరసలో కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. సైట్ అనే మాట ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, వెంటనే ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఇస్తే రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే వెతుకుతుంది. దొంగ నోటిఫికేషన్ల బెడద చాలావరకు అక్కడే పోతుంది.

తేదీ కూడా చూడమనండి. ఒకసారి నేనే పాత ఏడాది నోటిఫికేషన్‌ను కొత్తదనుకుని ఒక అబ్బాయికి చెప్పాను. వాడు పనిమాలా నెల్లూరు దాకా వెళ్లి వచ్చాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక చదువు సంగతి. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక ఉంటుంది కదా, సెర్చ్ ఇంజిన్ లోపల అలాంటి పట్టికే ఉంటుంది, చాలా పెద్దది. ఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది తర్వాతి ప్రశ్న. 1972లో కేంబ్రిడ్జ్‌లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే ఆవిడ దీనికి దారి చూపారు: అన్ని కాగితాల్లోనూ కనిపించే మాటకు తక్కువ విలువ, అరుదుగా కనిపించే మాటకు ఎక్కువ. "జిల్లా" కంటే "కందుకూరు" బరువైన మాట. దీని వెనక ఉన్నది లాగరిథమ్ లెక్క. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకు అది కొత్త కాదు, అందుకే ఈ దారి ఆమెకు నప్పుతుందంటున్నాను.

తెలుగులో అయితే చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది. కందుకూరు, కందుకూరులో, కందుకూరుకు, కందుకూరోళ్లు: మనకు ఒక్క ఊరే, మామూలు సెర్చ్ ప్రోగ్రామ్‌కు నాలుగు వేరే మాటలు. పైగా పాత తెలుగు ఫైళ్లు ఎన్నో "అను" అనే పేరున్న ఫాంట్లలో టైప్ చేసినవి. తెర మీద తెలుగే కనిపిస్తుంది, లోపల ఉండేవి వేరే అక్షరాల కోడ్‌లు. ఇప్పుడు ఫోన్లలో వాడే అక్షరాల కోడ్ యూనికోడ్. అందులో మనం కొట్టిన మాట వాటికి తగలదు. "ఉన్నది కూడా ఎందుకు దొరకట్లేదు" అన్న అమ్మాయి ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడే ఉంది.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. సెర్చ్ ఇంజినీర్ అన్న పేరుతో ఫ్రెషర్లకు పోస్టులు తక్కువ. ఎక్కువ మంది సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గానో, డేటా ఉద్యోగంలోనో చేరి ఆ పనిలోకి వెళ్తారు. షాపింగ్ యాప్‌లకు, ఆసుపత్రుల రికార్డులకు, బ్యాంకులకు అన్నిటికీ సెర్చ్ కావాలి. ఇప్పటి ఏఐ చాట్‌బాట్‌లు కూడా చాలాచోట్ల ముందు కాగితాలు వెతికి, దొరికిన వాటి నుంచి జవాబు చెబుతున్నాయి. కాబట్టి ఏపీ ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయించి ఎంసీఏలో చేర్చండి, రెండేళ్లు. ఈలోపు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌తో పని చేసి చూడమనండి. అది ఉచితమే. లైబ్రరీ సైన్స్ కూడా ఈ చదువుకు దగ్గరి చుట్టమే గానీ, ఆమెకు నా సలహా ఎంసీఏ.

సెర్చ్ ఫలితం బాగుందా లేదా అన్నది ఎలా కొలుస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. బ్యారన్ (పొగాకు ఆరబెట్టే గది) దింపాక ఆకు గ్రేడ్ చేయిస్తారు కదా. బ్రైట్ గ్రేడ్ బేలులో (కట్టలో) నిజంగా బ్రైట్ ఆకు ఎంత ఉందన్నది ఒక లెక్క. మొత్తం బ్రైట్ ఆకులో ఎంత ఆ బేలులోకి చేరింది, ఎంత తక్కువ గ్రేడ్‌లో కలిసిపోయింది అన్నది ఇంకో లెక్క. మొదటిదాన్ని ప్రెసిషన్ అంటారు, రెండోదాన్ని రీకాల్ అంటారు. ఒకటి పెంచబోతే తరచూ రెండోది తగ్గుతుంది.

అమ్మాయితో ఒక చిన్న ప్రాజెక్టు చేయించండి. పొగాకు సాగు మీద తెలుగులో ఓ 200 పేజీలు పోగేసి, వాటిలో వెతికే ప్రోగ్రామ్ రాయమనండి. ప్రశ్నలు మాత్రం మీరే అడగండి, ఓ 30, మీరు పొలంలో అడిగే మాటల్లోనే. వచ్చిన ప్రతి జవాబు పక్కన పనికొస్తే టిక్కు, లేకపోతే ఇంటూ పెట్టండి. 1960లలో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్‌డన్ బృందం చేసినదీ దాదాపు ఇదే, మనిషి తీర్పుతో సెర్చ్‌ను కొలవడం. ఐసెట్ అయ్యాక ఆ టిక్కుల కాగితం తీసుకుని ఇద్దరూ ఒకసారి రండి.