యుద్ధంలో నలిగిన సైనికుల్లా మినియేచర్ బొమ్మలకు రంగులు వేయడం ఎలా? అందుకోసం ఖరీదైన వెదరింగ్ కిట్ (తుప్పు, బురద, అరుగుదల చూపించే రంగుల సెట్టు) కొనాలా?

కొనకండి. నా దగ్గర ఒకటుంది, సగం సీసాలు గడ్డకట్టి అటక మీద పడున్నాయి.

మాది ఒంగోలు. టేబుల్ మీద ఆడే యుద్ధం కోసం ఉదయగిరి ముట్టడి సైన్యాన్ని తయారు చేస్తున్నాను. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. నాకు కావలసిన సైనికులు ఎక్కడా దొరకలేదు. 28 మిల్లీమీటర్ల ఐరోపా ప్లాస్టిక్ సైనికులనే తెప్పించి, సర్జికల్ బ్లేడుతో ఇనుప టోపీలు చెక్కేసి, ఎం-సీల్‌తో తలపాగాలు చుట్టాను. వేలు తడి చేసుకోకపోతే తలపాగా వేలికే అంటుకుని వచ్చేస్తుంది. అలాంటివి ముప్పై ఆరు!

మొదటి సైనికుడికి కత్తి, డాలు, కవచం అన్నిటి మీదా తుప్పు రంగు, గీతలు దట్టంగా పెట్టి మురిసిపోయాను. మా బాబాయి జీవితమంతా లారీ బాడీలకు రంగులేసిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిరా, వీడికి గజ్జి పట్టిందా?" అన్నాడు. షెడ్డులో చీమకుర్తి గ్రానైట్ మోసే లారీ ఒకటి ఉంటే దాని దగ్గరికి లాక్కుపోయాడు. "తుప్పు యాడుందో చూడు."

గొలుసులు ఒరుసుకునే అంచుల్లో రంగు లేచిపోయింది. తలుపు పిడి చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తోంది, తుప్పన్నదే లేదు. బోల్టుల కింద మాత్రం వాననీళ్ళు కారిన దారిలో ఎర్రటి చారలు. తలుపు మధ్యలో రాసిన దేవుడి పేరు ఇంకా కొత్తగానే ఉంది.

ఇంటికొచ్చి అంతా చెరిపేశాను. ప్యాకింగ్ స్పాంజి ముక్కను ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా అద్దేసి, మిగిలిన కాస్తనీ డాలు అంచుకే తాకించాలి. అలా పడ్డ ముదురు మచ్చే లేచిన పెచ్చులా కనిపిస్తుంది. దాని కింద సన్నగా ఒక లేత గీత గీస్తే రంగు నిజంగానే లేచినట్టు ఉంటుంది. డాలు మీది ఇత్తడి బుడిపెకు తుప్పు పెట్టకండి, సందుల్లో కాస్త పచ్చదనం చాలు. కత్తి అంచు మెరవాలి. ప్రాణం దాని మీదే ఆధారపడినవాడు తుడుచుకోకుండా ఉంటాడా? బురద మోకాళ్ళ కింద, అదీ బొమ్మ నిలబడే బేస్ మీద వేసిన మట్టి రంగులోనే. వీడియోల్లో బొమ్మ మొత్తాన్ని గోధుమ రంగు నీళ్ళలో ముంచి తీసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకో మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు స్ప్రే ప్రైమర్ (రంగులకు ముందు కొట్టే అడుగు పూత) జోలికి పోవద్దు. గాలిలో తేమకు బొమ్మ మీద రవ్వ చల్లినట్టు గరుకు తేలుతుంది. బ్రష్‌తో వేసుకోండి.

నా ముప్పై ఆరు మందీ సిద్ధం. ఆడటానికి రెండో మనిషే లేడు. ఒంగోలు, నెల్లూరు దరిదాపుల్లో గజపతుల వైపు ఆడేవాళ్ళుంటే చెప్పండి. సైన్యం మాత్రం మీరే తెచ్చుకోవాలి.