ఫోర్క్‌లిఫ్ట్ పడిపోతుంటే దూకెయ్యొచ్చా?

గాజువాక ఆటోనగర్ గోడౌన్‌లో కొత్తగా ఫోర్క్‌లిఫ్ట్ (సరుకు ఎత్తి మోసే బండి) ఎక్కిన తమ్ముడు అడిగాడు కదా, స్లోగా పోయే బండి కూడా ఎందుకు తిరగబడుద్ది, అప్పుడు దూకెయ్యొచ్చా అని. కూర్చుని నడిపే బండైతే అస్సలు దూకొద్దు తమ్ముడూ, బండి ఒరిగే వైపుకే మనమూ పడతాం, తల పైనున్న ఇనప చట్రం (గార్డు) సరిగ్గా మన మీదకే వచ్చేస్తుంది, ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాగే. బెల్టు పెట్టుకుని ఉండాలి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కాళ్లు బిగబట్టి పడే వైపుకి కాకుండా అవతలి వైపుకి వాలాలి. వెనక నుంచి ఎక్కి నిలబడి నడిపే బండికి వేరు, వెనక్కి దిగిపోవాలి.

ఇంక ఎందుకంటే, ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసు మధ్యలో పాయింటు, ఈ మూడిటి మధ్యే దాని బ్యాలెన్సంతా, లోడు పైకెత్తి మలుపు తిప్పావా బరువు ఆ మూడుమూలలు దాటిపోద్ది. ఖాళీ బండైనా స్పీడుగా తిప్పితే అంతే. అందుకే కదిలేటప్పుడు ఫోర్కులు (లోడు ఎత్తే ముందు కొమ్ములు) నేలకి 15-20 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచు. తిరిగేవి వెనక చక్రాలు కాబట్టి తోక పక్కకి ఊగుద్ది, పక్కన నిలబడ్డ హెల్పర్ కాలు జాగ్రత్త.

దెబ్బ తగిలితే, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉన్న కాంట్రాక్టు లేబర్‌కైనా, పనికి రాలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా వస్తుంది, యాక్సిడెంట్ రిపోర్టు మాత్రం వెంటనే రాయించుకో.