కారు కిందికి దించాక వెనుక బ్రాకెట్లు వేయించాలా?

కావలి నుంచి అడిగిన ప్రశ్న: ఇన్నోవాను రెండు అంగుళాలు దించాక యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనుక చక్రాలు దడదడలాడుతున్నాయి, వెనుక యాక్సిల్‌కు బిగించే ఇనుప బ్రాకెట్లు వేస్తే పోతుందా?

పోవచ్చు. అయితే మొదట బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు), షాక్ అబ్జార్బర్లు చూపించండి. అవి అరిగినా ఇదే లక్షణం.

అవి బాగుంటే తేడా ఆర్మ్‌ల, అంటే యాక్సిల్‌ను బాడీకి కలిపే కడ్డీల, వాలులో ఉంది. కారు ఎత్తు తగ్గితే కింది ఆర్మ్ ముందు కొస బాడీతోపాటు దిగుతుంది, వెనుక కొస యాక్సిల్ దగ్గరే ఉండిపోతుంది. దాంతో ఇంజన్ లాగేటప్పుడు టైరును రోడ్డుకు అదిమే బలం తగ్గి, టైరు జారుతూ పట్టుకుంటూ ఎగురుతుంది. బ్రాకెట్ చేసేదల్లా యాక్సిల్ వైపు ఆర్మ్ బోల్టు రంధ్రాన్ని కిందికి తెచ్చి, ఆ వాలును మళ్లీ సరిచేయడమే.

బిగించేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు టైట్ చేసేస్తారు. కారును జాకీ మీంచి దించగానే బుష్ రబ్బరు మెలిపడి, త్వరగా చిరిగిపోతుంది. బరువంతా చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. నెల్లూరు ఆటోనగర్‌లో చేయించినా సరే, పక్కనే నిలబడి చూసుకోండి! వెల్డింగ్ అయితే ముందు బ్యాటరీ తీయించండి, బ్రేక్ పైపుకు నిప్పురవ్వలు తగలనివ్వొద్దు.

బ్రాకెట్ ఇంకా కిందికి వేలాడుతుంది కాబట్టి ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకు తగిలే అవకాశం ఉంది. స్విఫ్ట్ లాంటి ముందు చక్రాలు లాగే కార్లకు ఇవి దండగ.