ఆరోగ్య శిబిరం ఒక్క రోజు, టైంటేబుల్ ఏడాది పొడవునా

ప్రశ్న: నేను కళాశాల అధ్యాపకురాలిని. విద్యార్థి సంక్షేమ కమిటీ బాధ్యతను ఈ ఏడాది నాకు అప్పగించారు. ఏటా ఆరోగ్య శిబిరం పెట్టి రక్తపరీక్షలు చేయిస్తున్నాం, నిపుణుల చేత ప్రసంగాలు ఇప్పిస్తున్నాం. అయినా మొదటి పీరియడ్‌లో పిల్లలు కునికిపాట్లు పడుతూనే ఉంటారు, కౌన్సెలర్ గది వైపు ఎవరూ వెళ్లరు. ఇంతకు మించి ఏం చేయగలం?

జవాబు: శిబిరం మంచిదే, మానవద్దు. అయితే అది ఒక్క రోజుతో ముగుస్తుంది. విద్యార్థి నిద్రను, భోజనాన్ని, ఆటను ఏడాది పొడవునా శాసించేది టైంటేబుల్. అందుచేత విద్యార్థుల అలవాట్ల కంటే ముందు కళాశాల అలవాట్లను సరిదిద్దాలని నా గట్టి అభిప్రాయం. మనుషులు చదువుకునే, పనిచేసే, ఆడుకునే చోట్లలోనే ఆరోగ్యం రూపుదిద్దుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సులో వెలువడిన 1986 నాటి ఒట్టావా ప్రకటన చెప్పింది. 2015లో కెనడాలో వెలువడిన ఒకనాగన్ ప్రకటన, విశ్వవిద్యాలయాలూ కళాశాలలూ తమ పాలనలోనూ బోధనలోనూ ఆరోగ్యాన్ని భాగం చేసుకోవాలని కోరింది.

నిద్రతో మొదలుపెట్టండి. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల లోపువారికి రాత్రి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. యౌవనంలో శరీరంలోని గడియారం సహజంగానే కాస్త ఆలస్యంగా నడుస్తుంది కనుక, తొందరగా పడుకోమని చెప్పినంత మాత్రాన వారికి నిద్ర పట్టదు. పగలు నేర్చుకున్న పాఠం జ్ఞాపకంగా స్థిరపడడానికి కూడా నిద్రే ఆధారం. ఇంత తెలిసీ అసైన్‌మెంట్ గడువు రాత్రి 11:59 అని పెట్టి, మరునాడు ఉదయం 8 గంటలకే ల్యాబ్ వేస్తే, ఆ నిద్రను కోసేది మనమే. గడువును సాయంత్రం 5 గంటలకు మార్చండి, ఒకే వారంలో నాలుగు పరీక్షలు పడకుండా విభాగాలన్నీ ముందే కూర్చుని మాట్లాడుకునేలా చూడండి. ఇందుకు ఖర్చేమీ లేదు, కావలసిందల్లా అధ్యాపకుల సమ్మతి; అసలు కష్టమంతా దాన్ని సంపాదించడంలోనే ఉంది. కాఫీ గురించి కూడా చెప్పండి: అందులోని కెఫీన్‌లో సగం దాదాపు అయిదు గంటల తర్వాత కూడా శరీరంలో మిగిలి ఉంటుంది.

ఇక కౌన్సెలర్ గది. అది ఎక్కడ ఉందో ఒకసారి వెళ్లి చూడండి. ప్రిన్సిపాల్ ఆఫీసు పక్కన పెద్ద బోర్డుతో ఉంటే, బయట బెంచీ మీద కూర్చున్న విద్యార్థి దారిన పోయే ప్రతి ఒక్కరికీ కనిపిస్తాడు. పదిమందీ పదిరకాల పనుల మీద వచ్చిపోయే లైబ్రరీ భవనంలోకి మార్చితే ఆ బెరుకు తగ్గుతుంది. చెప్పుకున్న విషయాలు విభాగానికి గానీ ఇంటికి గానీ చేరవని, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు ఉంటుందని రాతపూర్వకంగా ప్రకటించండి. కమిటీలో విద్యార్థులకు కూడా చోటివ్వండి, వారిలో శిబిరానికి ఎప్పుడూ రానివారు ఒకరిద్దరు ఉండాలి.

ప్రశ్న: నా హాస్టల్ గదిలో ఉండే మిత్రుడు క్లాసులు మానేశాడు, సరిగా తినడం లేదు. “నేను లేకపోతే అందరికీ హాయి” అని నిన్న అన్నాడు. చనిపోవాలనుందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: బాబూ, అడగండి. సూటిగా అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. లోపల ఉన్నదాన్ని బయటపెట్టే వీలు దొరికిందని చాలామంది ఊరట పొందుతారు. అడిగాక ధైర్యవచనాలు చెప్పే తొందర వద్దు, అతన్ని పూర్తిగా మాట్లాడనివ్వండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. అవునని అంటే ఒంటరిగా వదలకండి. మందులు, పదునైన వస్తువులు గదిలో ఉంటే తీయించేయండి. అత్యవసర వైద్యసేవకూ వార్డెన్‌కూ వెంటనే కబురు చేయండి. కాదన్నా సరే, ఇవాళే అతన్ని వెంటబెట్టుకుని కౌన్సెలర్ దగ్గరకో డాక్టర్ దగ్గరకో వెళ్లండి. ఈ భారం మీరొక్కరే మోయవద్దు, నమ్మకమైన అధ్యాపకులెవరికైనా ఈ రోజే చెప్పండి.