జాతర గుడారాల మధ్య జనరేటర్: పొగ గొట్టమా, పొడవు వైరా?

ప్రశ్న: మేడారం జాతరకు పోయిన ప్రతిసారీ గుడారం వేసుకుని ఉంటాం. మాది 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్. పక్క గుడారం పదడుగుల్లోనే ఉంటుంది. పొగ మీదికొస్తోందని పోయినసారి వాళ్లతో మాటామాటా పెరిగింది. సైలెన్సర్‌కు పైపు బిగించి పొగను పైకి పంపితే చాలా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: చాలదు. పైపు వేస్తే పొగ ముఖాన కొట్టదు, అంతవరకే. కళ్లు మండించే పొగ మనకు తెలుస్తుంది. ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మాఘమాసపు రాత్రి గాలి కదలనప్పుడు, వాగు ఒడ్డు పల్లాల్లో పొగ పైకి పోకుండా గుడారాల మధ్యే నిలిచిపోతుంది.

మనుషులు పడుకునే చోటికీ జనరేటర్‌కూ కనీసం 20 అడుగులు ఉండాలి. మీ గుడారానికి ఎంతో పక్కవాళ్లదానికీ అంతే. మీ గుమ్మానికి దూరమని వెనక్కి జరిపితే అది వాళ్ల తలాపున ఆగుతుంది. తగాదా మొదలయ్యేది అక్కడే.

కాబట్టి పొగను దూరం పంపే బదులు కరెంటును దూరం నుంచి తెచ్చుకోండి. గుడారాల వరుస దాటిన ఖాళీ జాగాలో మిషన్ పెట్టండి. పొద్దుగూకాక ఒక అగరుబత్తి వెలిగించి చూస్తే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. గుడారాల మీదుగా పోతుంటే రెండో కొసకు మార్చండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి వైరు 30 మీటర్లు కొనండి. 5 ఆంపియర్లు లాగినా తగ్గేది 2 వోల్టులకు కాస్త ఎక్కువ, అంతే. చుట్ట మొత్తం విప్పాలి. చుట్టలోనే ఉంచి లోడు వేస్తే వేడెక్కి పైతొడుగు మెత్తబడుతుంది. ట్రాక్టర్లు తిరిగే బాటకు అడ్డంగా వైరు లాగొద్దు.

ఇంకో మాట. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ల చార్జింగుకు ఒక్కో గుడారానికి 150 వాట్లు దాటదు. మూడు ఇళ్లవాళ్లు కలిసి ఒకే జనరేటర్ నడుపుకుంటే పెట్రోలు ఖర్చూ పంచుకోవచ్చు, రెండు మిషన్ల పొగా తప్పుతుంది. పక్కవాళ్లను అడగడానికి మొహమాటపడకండి.

దూరం పెట్టాక కూడా పైపు వేస్తామంటే వేయండి, కానీ ఇనుపదే. పీవీసీ కరిగిపోతుంది. లోపలి వెడల్పు సైలెన్సర్ మూతి కన్నా పెద్దదిగా ఉండాలి; సన్నదైతే పొగ వెనక్కి తన్ని ఇంజిన్ బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది. వంపు ఒక్కటే, అదీ వెడల్పుగా. పైపు బరువు సైలెన్సర్ మీద పడితే అదురుకు మూతి దగ్గర పగులుతుంది. అందుకని మధ్యలో అడుగు పొడవు స్టీలు ఫ్లెక్సిబుల్ ముక్క వేసి క్లాంపులు బిగించండి, నిలువు పైపును నేలలో పాతిన ఇనుప కడ్డీకి కట్టండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా వస్తుంది. చల్లటి పైపులో అది కొంత నీరై వంపులో నిలుస్తుంది. అక్కడ అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. పైపుకు గుడ్డ, తాటిపత్రి మీటరు దూరంలోనైనా ఉండాలి.

పొగ నల్లగా వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. జాతర దుమ్ముకు స్పాంజి మూసుకుపోతుంది. గాలి చాలక పెట్రోలు సరిగా కాలదు, విషవాయువు పెరుగుతుంది. సబ్బునీళ్లలో పిండి, పూర్తిగా ఆరబెట్టి, నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ రాసి, పిండి మళ్లీ పెట్టండి. చోక్ మూసి వదిలేశారేమో కూడా చూడండి.

ప్రశ్న: గుడారంలో పడుకున్న నలుగురికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చాయి. ఆక్సీమీటర్‌లో 98 చూపించింది. ఎండదెబ్బ అనుకున్నాం. సరేనా?
– ఓ గృహిణి, నర్సంపేట

జవాబు: ఆ 98ని నమ్మకండమ్మా. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది. ఒకేచోట ఉన్న నలుగురికీ ఒకేసారి తల పట్టేసినట్టు ఉండడం, బయటికొస్తే తేలికపడి లోపలికెళ్తే మళ్లీ మొదలవడం పొగ గుర్తులు. తూలుతూ తిక్కగా మాట్లాడేవాళ్లను తాగారని వదిలేయడం జాతరలో మామూలే. అదే ప్రాణం మీదికి తెస్తుంది.

అందరినీ బయటికి తెచ్చి, మిషన్ ఆపించి, 108కి ఫోన్ చేయండి. పొగ సంగతి వాళ్లకు చెప్పండి. మజ్జిగ, నిమ్మరసంతో ఇది పోదు. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే విషం వేగంగా దిగుతుంది. గర్భిణులకు లక్షణాలు తక్కువున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కడుపులో బిడ్డకు ముప్పు ఎక్కువ.

ప్రశ్న: చప్పుడు తగ్గడానికి గుంత తీసి అందులో పెట్టొచ్చా?
– ఓ రైతు, పరకాల

జవాబు: వద్దు. గుంతలో ఇంజిన్ తన పొగనే తిరిగి పీల్చుకుంటుంది, చల్లబడదు. చుట్టూ బస్తాలు పేర్చినా అంతే. రాత్రి చప్పుడు వద్దనుకుంటే పగలు 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ చార్జి చేసుకోండి. నాలుగు 9 వాట్ల బల్బులకు తెల్లవార్లూ సరిపోతుంది, మిషన్ ఆపి పడుకోవచ్చు.